రెక్కల అతిథులకు ఊరి పండుగ

పండుగ అనగానే మనకు ఒక దేవుడో, పంట ఇంటికి వచ్చిన రోజో, ఒక మహనీయుడి జయంతో గుర్తుకు వస్తుంది. ఒక సీతాకోకచిలుక ఊళ్ళోకి వచ్చిందని ఊరు ఊరంతా పండుగ చేసుకుంటుందంటే నమ్మబుద్ధి కాదు. జంతుశాస్త్రం తరగతిలో నేను ఈ సంగతి ఎత్తినప్పుడల్లా కాస్త నవ్వు పుడుతుంది. “మరి దోమలకు చెయ్యరా మేష్టారూ?” అని వెనక బెంచీ వాళ్ళు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే అది. ఏ జీవికి పండుగ చేస్తారు, ఎందుకు చేస్తారు, చేస్తే ఆ జీవికి ఒరిగేదేమిటి? ఈ మూడు ప్రశ్నలూ పట్టుకుని కొన్ని ఊళ్ళు తిరిగి చూద్దాం.

ముందు రెండు మాటలకు అర్థం చెప్పుకోవాలి. ఏటా ఒక ఋతువులో ఒక చోటి నుంచి మరొక చోటికి పోయి, ఋతువు మారగానే తాను గాని, తన సంతతి గాని తిరిగి రావటాన్ని వలస అంటాం. ఒక పువ్వులోని పుప్పొడి మరొక పువ్వు కీలాగ్రం మీదికి చేరటం పరాగసంపర్కం. ఇది ఇంటర్మీడియట్‌లో అందరూ చదువుకున్నదే. తేనెటీగ, తుమ్మెద, సీతాకోకచిలుక, చిమ్మట, కొన్ని పిట్టలు, కొన్ని గబ్బిలాలు ఈ పని చేస్తాయి. జీతం పుచ్చుకోని ఈ కూలీలు రాకపోతే మన గుమ్మడి, దోస, పొద్దుతిరుగుడు పూలు పూస్తాయి గాని కాపు సరిగా పట్టదు.

ఒకే చోట ఉండే జీవిని కాపాడాలంటే ఆ చోటును కాపాడితే చాలు. వలసపోయే జీవి సంగతి అలా కాదు. దానికి ఇల్లు ఒకటి కాదు, దారి పొడుగునా పది మజిలీలు ఉంటాయి. పది మజిలీలలో తొమ్మిది బాగుండి, ఒక్కచోట తిండి దొరక్కపోయినా ప్రయాణం అక్కడితో సరి. ఆ మజిలీలలో ఇవాళ నగరాలు కూడా ఉన్నాయి. అందుకే నగరంలో చేసే పండుగకు అర్థం వచ్చింది.

కాగితం రెక్కల పిల్లలు

అమెరికాలో కాలిఫోర్నియా తీరాన పసిఫిక్ గ్రోవ్ అనే చిన్న పట్టణం ఉంది. జనాభా సుమారు 15 వేలు. అక్టోబరు వచ్చేసరికి మోనార్క్ అనే నారింజ రంగు సీతాకోకచిలుకలు ఆ పట్టణానికి వచ్చి, అక్కడి యూకలిప్టస్, పైన్ చెట్ల కొమ్మలకు గుత్తులు గుత్తులుగా వేలాడుతూ ఫిబ్రవరి దాకా చలికాలం గడుపుతాయి. దూరం నుంచి చూస్తే ఎండుటాకుల గుత్తులే అనిపిస్తాయి. ఎండ తగిలి రెక్కలు విప్పినప్పుడు గాని సంగతి తెలియదు.

ఈ సీతాకోకచిలుకలను బాధపెడితే జరిమానా అని 1938లోనే ఆ ఊరివాళ్ళు చట్టం చేసుకున్నారు. ఆ రోజుల్లోనే 500 డాలర్లు. ఆ మరుసటి సంవత్సరం, అంటే 1939లో, బడిపిల్లల ఊరేగింపు మొదలయింది. పసిపిల్లలు వీపుకు నారింజ, నలుపు రంగుల రెక్కలు కట్టుకుని వీధుల వెంట నడుస్తారు. తాతలు, అమ్మలు ఒకప్పుడు నడిచిన వీధుల్లోనే ఇప్పుడు మనుమలు నడుస్తున్నారు.

ఇక్కడితో ఆపితే ఇది ముచ్చటైన కథ. కాని తరువాతి సంగతులే మనకు పాఠం. చెట్లున్న ఒక స్థలంలో ఇళ్ళు కట్టే పరిస్థితి వచ్చినప్పుడు, 1990లో ఆ ఊరి ప్రజలు ఓటువేసి తమ మీద తామే అదనపు పన్ను వేసుకుని ఆ తోపును కొన్నారు. రెక్కలు కట్టుకుని నడిచిన పిల్లలు పెద్దవాళ్ళయి పన్ను కట్టారన్నమాట. పండుగ ఫలించిందంటే ఇది.

కాని కథ సాఫీగా సాగలేదు. ఆ తోపులో ఒకసారి కొమ్మ విరిగిపడి మనిషి ప్రాణం పోయింది. తరువాత 2009లో అక్కడి చెట్లను గట్టిగా నరికించారు. ప్రమాదం తప్పించాలన్న ఉద్దేశం మంచిదే. అయితే చలికాలపు గాలి లోపలికి రాకుండా అడ్డుపడేవి ఆ కొమ్మలే. అవి పోయేసరికి తోపులోకి గాలి దూరింది, సీతాకోకచిలుకలు తగ్గాయి. చట్టం ఉంది, ఊరేగింపు ఉంది, భూమి ఉంది. ఒక్క కొమ్మల లెక్క తప్పింది. జీవికి కావలసింది ఏమిటో తెలియకుండా దాని మీద ప్రేమ చూపితే ఏమవుతుందో ఇక్కడ కనిపిస్తుంది.

ఆపైన 2020 చలికాలం. పశ్చిమ తీరమంతా స్వచ్ఛంద కార్యకర్తలు ఏటా లెక్కలు కడతారు. ఆ లెక్క 1997 నుంచి జరుగుతోంది. 1997లో 12 లక్షలకు పైగా ఉన్న మోనార్క్‌లు 2020లో తీరం మొత్తం మీద 2 వేలకన్నా తక్కువ. పసిఫిక్ గ్రోవ్ తోపులో ఆ ఏడు లెక్కకు ఒక్కటి కూడా దొరకలేదు. రచయిత జాన్ స్టైన్‌బెక్ 1954లో ప్రచురించిన ‘స్వీట్ థర్స్‌డే’ నవలలో ఈ ఊరి పండుగనే తీసుకుని, పండుగ నాటికి సీతాకోకచిలుకలు రాని హాస్యం ఒకటి అల్లారు. అరవై ఆరేళ్ళ తరువాత ఆ హాస్యం నిజమై కూర్చుంది.

మరుసటి ఏడాది, 2021లో, తీరం మొత్తం మీద లెక్క 2 లక్షల 47 వేలకు పెరిగింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కాని 2024లో మళ్ళీ 9 వేల చిల్లరకు పడిపోయింది. కీటకాల సంఖ్య ఇలాగే ఎగిరి పడుతుంది. ఒక ఏడాది చూసి సంతోషించటానికీ లేదు, ఒక ఏడాది చూసి ఏడవటానికీ లేదు. ఇరవై ముప్ఫై ఏళ్ళ లెక్క చేతిలో ఉంటేనే నిజం కనబడుతుంది.

అర గ్రాము బరువు, నాలుగు వేల కిలోమీటర్లు

పసిఫిక్ గ్రోవ్‌కు వచ్చేవి రాకీ పర్వతాలకు పడమటి మోనార్క్‌లు. తూర్పున ఉన్న వాటి ప్రయాణం ఇంకా పెద్దది. కెనడా దక్షిణ ప్రాంతం నుంచి, అమెరికా ఉత్తర రాష్ట్రాల నుంచి బయలుదేరి టెక్సాస్ మీదుగా మెక్సికో మధ్య భాగంలోని కొండలకు పోతాయి. దూరం 4 వేల కిలోమీటర్ల వరకు ఉంటుంది. ప్రాణి బరువేమో సుమారు అర గ్రాము!

విద్యార్థులు గుర్తుంచుకోవలసిన విశేషం ఒకటుంది. వేసవిలో పుట్టిన మోనార్క్ రెండు నుంచి ఆరు వారాలు బతుకుతుంది. శరత్కాలంలో పుట్టిన తరం మాత్రం ఎనిమిది నెలలదాకా బతుకుతుంది. పునరుత్పత్తిని వాయిదా వేసుకుని, కొవ్వు కూడబెట్టుకుని దక్షిణానికి పోతుంది. వసంతంలో వెనక్కి తిరిగి, టెక్సాస్ ప్రాంతంలో గుడ్లుపెట్టి చనిపోతుంది. దాని పిల్లలు ఉత్తరానికి, వాటి పిల్లలు ఇంకా ఉత్తరానికి పోతాయి. ఆ పైన శరత్కాలంలో మెక్సికోకు బయలుదేరేది మునిమనుమల తరం. అంటే ఆ దారి చూపించే పెద్దలు ఎవరూ మిగిలి ఉండరు. సూర్యుడిని చూసి దిక్కు తెలుసుకుంటుంది. సూర్యుడు కదులుతుంటాడు కాబట్టి వేళను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ గడియారం దాని స్పర్శశృంగాలలో ఉన్నదని 2009లో ప్రయోగాల ద్వారా చూపించారు.

ఈ చలికాలపు విడిది కొండజనానికి తరతరాలుగా తెలుసు. శాస్త్రలోకానికి తెలిసింది మాత్రం 1975 జనవరిలో. కెనడాకు చెందిన ఫ్రెడ్ ఉర్కార్ట్ దంపతులు దశాబ్దాల తరబడి సీతాకోకచిలుకల రెక్కలకు చిన్న చీటీలు అంటించి దారి వెదికారు. వారి తరఫున వెదికిన కెన్ బ్రగ్గర్, కాటలీనా అగ్వాదో ఆ చోటును కనుగొన్నారు. సుమారు 3 వేల మీటర్ల ఎత్తున ఉన్న ఓయామెల్ అనే ఫర్ చెట్ల అడవి అది. సరిగ్గా నవంబరు మొదటి రోజుల్లో, మెక్సికో వాళ్ళు చనిపోయిన పెద్దలను తలుచుకునే పండుగ నాటికి, ఈ సీతాకోకచిలుకలు కొండలకు చేరతాయి. చనిపోయిన మా పెద్దలే ఈ రూపంలో వస్తున్నారని ఆ కొండ పల్లెల వాళ్ళు నమ్ముతారు. మహాలయ పక్షంలో కాకికి ముద్ద పెట్టే మనకు ఈ భావం కొత్తది కాదు.

అక్కడ ఎన్ని ఉన్నాయో ఒక్కొక్కటిగా లెక్కపెట్టటం సాధ్యం కాదు. అందుచేత అవి కప్పివేసిన అడవి విస్తీర్ణాన్ని కొలుస్తారు. 1996-97 చలికాలంలో అది 18 హెక్టార్లకు పైగా ఉండేది. 2013-14లో ఒక హెక్టారుకు కూడా రాలేదు, 0.67. 2023-24లో 0.90, ఆ తరువాతి ఏడు 1.79. కారణాలు పలు రకాలు. ఒకవైపు ఆ కొండల్లో కలప దొంగలు. ఎల్ రొసారియో అభయారణ్యాన్ని చూసుకునే ఒమెరో గోమెస్ అనే ఆయన 2020 జనవరిలో కనబడకుండా పోయి, శవమై దొరికారు. మరొకవైపు వందల మైళ్ళ దూరాన, అమెరికా మధ్య రాష్ట్రాల మొక్కజొన్న, సోయా పొలాల్లో కలుపు మందులు. మోనార్క్ గొంగళిపురుగు తినేది మిల్క్‌వీడ్ అనే ఒక్క జాతి మొక్కలనే. 1999 నుంచి 2010 లోపల ఆ రాష్ట్రాలలో ఈ మొక్కలు 58 శాతం తగ్గాయని 2012లో ప్రచురించిన ఒక అధ్యయనం తేల్చింది. పొలం శుభ్రపడింది, సీతాకోకచిలుకకు ఉయ్యాల పోయింది. 2024 డిసెంబరులో అమెరికా వన్యప్రాణి శాఖ మోనార్క్‌ను ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చాలని ప్రతిపాదించింది.

నగరం పూనుకుంటే

ఈ దారిలో నడిమధ్య ఉన్న పెద్ద నగరం టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో. పొలాలలో పోయిన మొక్కను పట్టణాలలోనైనా పెంచుదామని 2015లో అక్కడి జాతీయ వన్యప్రాణి సమాఖ్య నగర మేయర్ల చేత ఒక ప్రతిజ్ఞ చేయించింది. చేయవలసిన పనులు 24. కొన్ని చేస్తే చాలు. మొత్తం 24 పనులూ చేస్తామని మొదట ముందుకు వచ్చిన నగరం శాన్ ఆంటోనియో. 2016 నుంచి అక్కడ అక్టోబరులో మోనార్క్ పండుగ జరుగుతోంది. ఊరేగింపు ఉంటుంది, తేనెటీగల గురించీ గబ్బిలాల గురించీ చెప్పే దుకాణాలు ఉంటాయి, స్థానిక మొక్కలు అమ్ముతారు.

ఒక చిక్కు మాట చెప్పాలి. పుప్పొడి మోయటంలో మోనార్క్ అంత గట్టి కూలీ ఏమీ కాదు. ఆ పనిలో తేనెటీగలదే పైచేయి. ఐతే ఊరిని పిలిస్తే ఈగ కోసం ఎవరు వస్తారు? అందమైన పెళ్ళికూతురి వెనుక చుట్టాలంతా వచ్చినట్లు, మోనార్క్ పేరు చెప్పి నాటిన పూలమొక్క మీద వందరకాల ఈగలు బతుకుతాయి. ఆ లాభం దొడ్డది.

ఆ పండుగలో అందరినీ ఆకర్షించేది చీటీ అంటించటం. చిటికెన వేలి గోరంత గుండ్రటి చీటీ మీద ఒక సంఖ్య ఉంటుంది. కాన్సాస్ విశ్వవిద్యాలయం 1992 నుంచి నడుపుతున్న పథకం ఇది. పిల్లలు రెక్కకు చీటీ అంటించి వదులుతారు. మెక్సికో కొండల్లో చనిపోయి పడిన వాటిలో చీటీ ఉన్నది దొరికితే, పల్లెజనం ఏరి ఇచ్చి కొంత డబ్బు తీసుకుంటారు. ఒక పిల్లవాడు అంటించిన చీటీ దేశాలు దాటి దొరికిందంటే వాడి ఆనందం ఎంతో ఊహించుకోండి.

మరి ఇక్కడే జాగ్రత్త కావాలి. పండుగలకు, పెళ్ళిళ్ళకు వదలటానికి సీతాకోకచిలుకలను పెట్టెల్లో పెంచి అమ్మే వ్యాపారం ఒకటి బయలుదేరింది. వ్యాపారం కోసం తరాల తరబడి పెంచిన మోనార్క్‌లు శరత్కాలంలో దక్షిణ దిశకు తిరగటం లేదని చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో చూపించారు. అడవిలో పట్టినవాటి సంతతిని ఇంటిలోపల పెంచినా దిక్కు తెలివి దెబ్బతిన్నది. ఇరుకున పెంచితే రోగాలు కూడా అంటుకుంటాయి. అంటే గుంపుగా వదిలి చప్పట్లు కొట్టటం చూడటానికి బాగుంటుందే తప్ప, వాటికి మేలు అని చెప్పలేం.

ఇలాంటిదే మరొక పొరపాటు మొక్కల విషయంలో జరిగింది. ఎరుపు, పసుపు పూలు పూచే ఒక ఉష్ణమండలపు మిల్క్‌వీడ్ నర్సరీల్లో తేలికగా దొరుకుతుంది. జనం ప్రేమతో అదే కొని నాటారు. స్థానిక మిల్క్‌వీడ్ చలికాలంలో ఎండిపోతుంది, ఇది ఎండదు. దానితో కొన్ని సీతాకోకచిలుకలు వలస మానుకుని అక్కడే ఉండిపోయాయి. వాటి మీద బతికే ఒక సూక్ష్మ పరాన్నజీవి ఆ మొక్కల మీద పేరుకుపోయింది. వలసపోయే వాటికంటే ఇలా ఏడాది పొడుగునా ఉండిపోయిన వాటిలో రోగం ఎన్నోరెట్లు ఎక్కువని 2015లో వెలువడిన పరిశోధన చెబుతోంది. అతిథికి అన్నం పెట్టటం మంచిదే, కాని ప్రయాణం తప్పిపోయేటట్లు పెట్టకూడదు.

వంతెన కింద పదిహేను లక్షలు

శాన్ ఆంటోనియోకు ఈశాన్యంగా టెక్సాస్ రాజధాని ఆస్టిన్ ఉంది. మన తెలుగువాళ్ళు చాలామంది స్థిరపడిన నగరం. అక్కడ కాంగ్రెస్ ఎవెన్యూ వంతెనను 1980లో బాగుచేసినప్పుడు దాని అడుగున సన్నటి సందులు మిగిలాయి. ఇంజనీర్లు కాంక్రీటు వ్యాకోచం కోసం పెట్టిన సందులు మెక్సికో నుంచి వలసవచ్చే తోకగబ్బిలాలకు పురిటిళ్ళయ్యాయి. వేసవిలో పిల్లలతో కలిపి వాటి సంఖ్య సుమారు 15 లక్షలు.

మొదట జనం హడలిపోయారు. గబ్బిలాలు కరుస్తాయి, రేబిస్ వస్తుంది, చంపించండి అని అర్జీలు పెట్టారు. 1986లో మెర్లిన్ టటిల్ అనే గబ్బిలాల శాస్త్రజ్ఞుడు తన సంస్థను ఆ నగరానికి మార్చుకుని వచ్చి, ఓర్పుగా చెప్పటం మొదలుపెట్టారు. చేత్తో పట్టుకోకపోతే మీ జోలికి రావు. అవి తినేది పురుగులను, అదీ రాత్రికి టన్నుల కొద్దీ అని. ఇవాళ వేసవి సాయంత్రాలలో వంతెన మీద జనం బారులు తీరి నిలబడతారు. గబ్బిలాల పేరుతో ఉత్సవమే జరుగుతుంది.

ఇవి పుప్పొడి మోసే గబ్బిలాలు కావు, పురుగులు తినేవి. వీటి ఆహారంలో ముఖ్యమైనది పత్తి కాయను, మొక్కజొన్న కంకిని తొలిచే పురుగు తాలూకు చిమ్మట. మన పత్తి రైతుల నడ్డి విరిచిన శనగపచ్చ పురుగుకు అది దగ్గర బంధువు. దక్షిణ టెక్సాస్‌లోని 8 కౌంటీలలో ఈ గబ్బిలాలు పత్తి రైతుకు చేసే మేలు ఏడాదికి సుమారు 7 లక్షల 40 వేల డాలర్లు ఉంటుందని 2006లో అంచనా వేశారు. పసిఫిక్ గ్రోవ్‌లో అందం చూసి పండుగ పుట్టింది. ఆస్టిన్‌లో తెలివి పుట్టిన తరువాత పండుగ పుట్టింది. రెండవది కష్టమైన దారి. అందుకే నాకు అది ఎక్కువ నచ్చుతుంది.

మన సూళ్ళూరుపేట

ఇలాంటివి మన దగ్గర లేవా? ఉన్నాయి. పులికాట్ సరస్సు పక్కన సూళ్ళూరుపేటలో 2001లో పక్షుల పండుగ మొదలయింది. ఫ్లెమింగో పండుగ అంటారు. అప్పుడు అది నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. కొన్నేళ్ళు ఆగిపోయిన తరువాత 2025 జనవరిలో మళ్ళీ జరిపారు. దగ్గరలోనే నేలపట్టు చెరువు ఉంది. 1976లో పక్షుల కేంద్రంగా ప్రకటించారు. నీళ్ళలో నిలబడి ఉండే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి.

నేను విద్యార్థులను వెంటబెట్టుకుని అక్కడికి పోయాను. పాటల వేదికలు, స్టాళ్ళు అందరూ చూశారు. నన్ను ఆపింది మాత్రం చెరువు కింద పొలం ఉన్న రైతుల మాట. పక్షుల రెట్ట కలిసిన నీరు పైరుకు బలమని, పక్షులు రాని ఏడు వానలు సరిగా లేనట్లేనని వాళ్ళు చెప్పారు. ఏ ప్రభుత్వమూ పండుగ చేయకముందు నుంచీ ఆ పక్షులకు అక్కడ చోటు ఉండటానికి కారణం ఈ లెక్కే. చెరువూ పక్షీ పైరూ ఒకే ఖాతాలో ఉన్నాయి.

మరొకవైపు చూడండి. పులికాట్‌కు సముద్రపు నీరు వచ్చే ముఖద్వారాలు ఇసుక మేటలు వేసి పూడిపోతున్నాయి. రాయదొరువు దగ్గర పూడిక తీయమని జాలర్లు ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నారు. ఆ నీరు రాకపోతే సరస్సులో చేప ఉండదు, ఫ్లెమింగో తినే సూక్ష్మజీవులూ ఉండవు. పండుగ మూడు రోజులు. ముఖద్వారం సంవత్సరమంతా తెరచి ఉండాలి. ఈ రెండవ పని చేయకుండా మొదటిది ఎంత ఘనంగా చేసినా, పసిఫిక్ గ్రోవ్‌కు 2020లో పట్టిన గతి ఏదో ఒకనాడు ఇక్కడా పట్టవచ్చు.

మన ఆవరణలో అతిథులు

ఇంతవరకూ దూరపు సంగతులు. ఇక మన కళాశాల గోడలోపల చూద్దాం.

మిల్క్‌వీడ్‌కు మన దేశంలో దగ్గర చుట్టం జిల్లేడు. రెండూ ఒకే కుటుంబం, తుంచితే రెండింటికీ పాలు కారతాయి. మన జిల్లేడు మీద పెరిగే సీతాకోకచిలుక మోనార్క్‌కు దాయాదే. నారింజ రంగు రెక్కలు, నల్లటి అంచు, అంచులో తెల్ల చుక్కలు. రథసప్తమి నాడు తల మీద పెట్టుకునే ఆకు, వినాయక చవితి పత్రిలో అర్కపత్రం అదే గదా. పూజకు వెదికి తెచ్చే మొక్కను పూజ కాగానే పిచ్చిమొక్క అని పీకివేస్తాం. ఆ పువ్వు మీద వాలే నల్లని పెద్ద తుమ్మెదే దాని పుప్పొడిని మోసేది.

మనకు కూడా వలసపోయే సీతాకోకచిలుకలు ఉన్నాయి. నల్లటి రెక్కల మీద లేతనీలి చారలున్నవి గుంపులు గుంపులుగా నైరుతి ఋతుపవనాలకు ముందు పడమటి కనుమల నుంచి తూర్పు మైదానాలకు వస్తాయి, ఈశాన్య ఋతుపవనాల వేళ తిరిగి పడమరకు పోతాయి. దారిలో గిలిగిచ్చ, నాగదంతి మొక్కలు కనబడితే మగవి వాటి మీద ముసురుకుంటాయి. ఆ మొక్కల్లోని ఒక రసాయనం లేకపోతే మగవాటికి జోడీ కుదరదు. మన హాస్టలు వెనుక కంచె పొడుగునా ఈ రెండు మొక్కలూ ఉన్నాయి. ఏటా వార్షికోత్సవానికి ముందు ఆవరణ శుభ్రం చేసే వేళ మొదట పోయేవీ అవే.

అందరికన్నా పెద్ద ప్రయాణికుడు తూనీగ. వానలు వెనకబట్టిన రోజుల్లో సాయంత్రం మన ఆటస్థలం మీద వందల కొద్దీ పసుపు తూనీగలు వాలకుండా తిరుగుతుంటాయి. చిన్నప్పుడు వాటి తోకకు దారం కట్టి ఆడుకోనివాళ్ళు మనలో తక్కువ. ఆ తూనీగలు మన దేశం నుంచి మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా తూర్పు తీరానికి పోతాయని చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రజ్ఞుడు 2009లో ప్రతిపాదించారు. తరువాతి పరిశోధనలు ఆ మాటను బలపరిచాయి. వాన వెలిసిన తరువాత నిలిచిన నీటిగుంటల్లో వాటి పిల్లలు కొన్ని వారాల్లోనే పెరిగి రెక్కలు తొడుక్కుంటాయి. నీటిలో ఉన్నప్పుడు దోమ పిల్లలను, గాలిలో ఉన్నప్పుడు దోమలను పట్టి తింటాయి. వెనక బెంచీ మిత్రులకు ఇదిగో నా సమాధానం: దోమలకు పండుగ చేయలేం గాని దోమలను తినేవాడికి చేయవచ్చు.

ఆటస్థలం పక్కన వాననీరు నిలిచే పల్లాన్ని పూడ్చి మోటారు సైకిళ్ళ షెడ్డు వేయాలన్న ఆలోచన ఉన్నట్లు అందరికీ తెలుసు. షెడ్డు కావలసిందే, ఎండలో వాహనాలు మాడుతున్నాయి. నీరు నిలిస్తే దోమలు వస్తాయన్న భయం కూడా కొట్టివేయదగింది కాదు. ఐతే దోమలు ఎక్కువగా పెరిగేది ఆ పల్లంలోనా, లేక క్యాంటీను వెనుక పారవేసిన కప్పుల్లో, పాత టైర్లలో, మూతలేని తొట్టెల్లోనా? జంతుశాస్త్ర విద్యార్థులు నాలుగు వారాలు వలతో నీరు తోడి చూస్తే తేలిపోయే ప్రశ్న ఇది. తేల్చిన తరువాత పూడ్చండి, లేదా షెడ్డును గ్రంథాలయం పడమటి గోడ వెంట వేయండి. తేల్చకుండా పూడిస్తే మాత్రం 2009లో ఆ తోపు కొమ్మలు నరికినవారికీ మనకూ తేడా ఉండదు.

విద్యార్థి సంఘం వారికి నా సూచనలు మూడు. ఒకటి: మా శాఖలో ఒక పెద్ద నోటుపుస్తకం పెట్టాను. మొదటి తూనీగ గుంపు, మొదటి నీలిచారల సీతాకోకచిలుక ఎవరు ఏ తేదీన చూసినా అందులో వ్రాయండి. చరిత్ర విద్యార్థి చూసినా, కామర్సు విద్యార్థి చూసినా లెక్కే. ఇరవై ఏళ్ళు నిండితే అదొక శాస్త్రగ్రంథం అవుతుంది. రెండు: హాస్టలు వెనుక కంచె పొడుగునా పది అడుగుల మేర కొడవలి పెట్టవద్దు. మూడు: వీటి తరువాతే పండుగ. అక్టోబరులో ఒక సాయంత్రం ఆటస్థలంలో అందరం నిలబడి తూనీగలను లెక్కపెడదాం. మైకు అక్కరలేదు, పెట్టెల్లో తెచ్చి వదిలే చిలుకలు అసలే వద్దు. లెక్క తక్కువ వస్తే ఆ అంకెనే నోటీసు బోర్డు మీద పెట్టండి, దాచవద్దు.

పూర్వ విద్యార్థులకూ ఒక మాట. ఆస్టిన్‌లో ఉన్నా, హైదరాబాదులో ఉన్నా, మీ మేడ మీదనో పెరట్లోనో ఆ ప్రాంతపు పూలమొక్క ఒకటి మందు కొట్టకుండా పెంచండి. నర్సరీవాడు అందంగా ఉందని ఇచ్చినది కాకుండా, అక్కడి నేలకు చెందినది అడిగి తెచ్చుకోండి. ఏ రెక్కల ప్రాణి ఏ తేదీన వాలిందో ఒక కార్డు ముక్క మీద వ్రాసి మా శాఖకు పంపితే, నోటుపుస్తకంలో మీ ఊరికీ ఒక పేజీ కేటాయిస్తాను.